బయటివాళ్ళకి అరవై నాలుగు మెట్లు

లుక్కా, కోట గోడ బయట
నవంబరు 9

ఆర్జియాకి,

నీ డబ్బా తిరిగి పంపుతున్నాను. అడుగున ఈ చీటీ పెట్టాను. చదివాక పొయ్యిలో పారెయ్. రొట్టెల కొట్టుదానివి, పొయ్యికేం కరువు నీకు.

గురువారం సామాను దిగింది. ఇల్లు బాగానే ఉంది. రెండో అంతస్తు, వేడినీళ్ళొస్తాయి, తలుపులు సరిగ్గా పడతాయి. ఫిల్లుంగో వీధిలో మీ కొట్టు నెత్తిన నలభై మూడేళ్ళు కాపురం చేసినదాన్ని, ఇప్పుడు ఉత్తరపు కోటగుమ్మం దాటి నాలుగువందల పన్నెండు అడుగులు వేస్తే గానీ ఇల్లు రాదు. లెక్కపెట్టాను. మీ కొట్టు మీదున్న ఇళ్ళన్నీ ఖాళీ చేయించి ఇంటాయన టూరిస్టులకి రోజువారీ అద్దెకిస్తాడట. ఇచ్చుకోనీ. ఊళ్ళో నాలాగా బయటికొచ్చినవాళ్ళు బోలెడుమంది. సిగ్గుపడాల్సిందేం లేదు.

ఒక్క మనిషికి మాత్రం ఈ సంగతి తెలియకూడదు. మా ఆడపడుచు ఎర్సీలియాకి.

నా సంగతి నీకు తెలుసు. కొండ మీది పల్లె నుంచి కోడలిగా ఆ ఇంటికొచ్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇక్కడే పుట్టినవాళ్ళకంటే నాకే ఈ గోడంటే గర్వం ఎక్కువ. ఎర్సీలియా పుట్టింది ఆ ఇంట్లోనే. ఓడల మనిషిని పెళ్ళాడి త్రియెస్తె వెళ్ళింది. అప్పట్నుంచీ వచ్చినప్పుడల్లా "బయటివాళ్ళు" అని దెప్పాను దాన్ని. వాళ్ళన్న ఒరెస్తె పోయినప్పుడు వచ్చినా దెప్పాను. అలాంటిదాన్ని ఇప్పుడు నేనే బయట ఉన్నానని రాయనా? చేతులు రావు.

కాబట్టి త్రియెస్తె ముద్రతో ఉత్తరం వస్తే పోస్టుమన్ నీకిస్తాడు, చెప్పి ఉంచాను. పిండి బస్తాల పక్కన దాచు. శనివారాల్లో వచ్చి తీసుకుంటాను.

ఇసోలీనా

*

త్రియెస్తె
ఫిబ్రవరి 20

వదినా,

మనిద్దరికీ ఫోను చావులకే గదా, అందుకని రాస్తున్నాను. కంగారు పడకు, ఎవరూ పోలేదు.

సెప్టెంబరు పదో తేదీకి వస్తున్నాను. ఈసారి రెండు రోజులు కాదు, పది రోజులు. డెబ్బై దగ్గర పడుతోంది. నేను పుట్టిన ఊరిని టూరిస్టుల్లా తీరిగ్గా ఎప్పుడూ చూసుకోలేదు. ఎప్పుడొచ్చినా పెళ్ళో, చావో, లేకపోతే రైలు టైమో. ఈసారి పనేమీ పెట్టుకోను. పొద్దున గోడ మీద ఒక చుట్టు, ఆర్జియా కొట్టులో సోంపు రొట్టె, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్ళీ గోడ మీద ఇంకో చుట్టు. బురుజు బురుజు దగ్గరా కూర్చుంటాను. నువ్వు తొందర పెడితే ఊరుకోను.

పదమూడో తేదీ సిలువ దీపాల పండగకి మన కిటికీలో ఉండాలి. అసలు దానికోసమే వస్తున్నాను. మా నాన్న వంకర కొట్టిన ఆ మూడో కొక్కేనికి గాజు ప్రమిద తగిలించి, నువ్వు ఒత్తి వెలిగిస్తుంటే చూడాలి. ఊరేగింపు కింద నుంచి వెళ్తుంటే మన కిటికీ చీకటిగా ఉన్న సంవత్సరం నాకు తెలిసి లేదు.

కింద బెల్లు కొడతాను. నువ్వు ఎప్పటిలాగే మైకులో "ఎవరు? బయటివాళ్ళా? మెట్లు అరవై నాలుగు, నిదానంగా రండి" అను. అనకపోతే నువ్వు కాదనుకుంటాను.

నీకు మోకాళ్ళ నొప్పులని విన్నాను. నా పడక నీకు భారం అనిపిస్తే చెప్పు, దగ్గర్లో గది చూసుకుంటాను.

ఎర్సీలియా

*

లుక్కా, ఫిల్లుంగో వీధి
మార్చి 11

ఎర్సీలియా,

ఇంటి ఆడపిల్ల వస్తానంటే వద్దనడానికి నేనెవర్ని? ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా. సగం ఇల్లు నీదే. తప్పకుండా రా.

ఇల్లు ఎప్పటిలాగే ఉంది. కుళాయి కారుతూనే ఉంది. పొద్దున మంచంలో పడుకునే గడియార స్తంభం గంటలు వింటున్నాను. నీకు ఓడల కూతలు, నాకు గంటలు. ఎవరి అదృష్టం వాళ్ళది. బయట రోడ్ల రొద ఎలా భరిస్తారో మీరు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. సెప్టెంబరులో ఇంటాయన మెట్లు బాగు చేయిస్తానంటున్నాడు. దుమ్ము, సుత్తి చప్పుళ్ళు. నీ తుంటి నొప్పికి మంచిది కాదు. గుడి వెనక వీధిలో సన్యాసినులు గదులిస్తారు, శుభ్రంగా ఉంటాయి. అక్కడ పడుకుని పగలంతా ఊళ్ళో తిరుగుదాం. దీపాలంటావా, వీధిలో నిలబడి చూస్తేనే అందం. పైనుంచి చూస్తే జనాల బట్టతలలు తప్ప ఏం కనపడతాయి?

నీ గురించే చెప్తున్నాను. నాకైతే ఏ ఇబ్బందీ లేదు.

ఇసోలీనా

*

త్రియెస్తె
ఏప్రిల్ 2

వదినా,

మెట్లు బాగు చేయిస్తున్నాడా? సంతోషం. నా చిన్నప్పట్నుంచీ ఆ ఇంట్లో మేకు దిగితే మా నాన్న చేత్తో దిగిందే. ఇంటాయనకి ఇప్పటికి బుద్ధొచ్చిందన్నమాట.

సన్యాసినుల దగ్గర పడుకోను. తొమ్మిదింటికి తలుపులేస్తారు, పైగా నేను గురక పెడతాను. నా పడక సంగతి నువ్వు వదిలెయ్, నేను చూసుకున్నాను. ఎక్కడని అడక్కు.

వంటింట్లో తొట్టి మీది ఆకుపచ్చ టైలు పలక ఉందా? తొమ్మిదేళ్ళప్పుడు రోకలి జారవిడిచి మూల పగలగొట్టాను, అన్నయ్య తెల్ల సిమెంటు పూశాడు. ఆ మచ్చ ఇంకా కనిపిస్తోందా? చలికాలంలో కిటికీ రెక్క ఇంకా బిగుసుకుంటోందా? తీరిగ్గా రాయి. ఈమధ్య ఆ ఇంటి గురించి ఎంత రాసినా చదవాలనిపిస్తోంది.

నీకు నాతో చెప్పాల్సిందేమైనా ఉంటే అదీ రాయి. మన ఇద్దరికీ వయసైపోతోంది వదినా.

ఎర్సీలియా

*

లుక్కా, కోట గోడ బయట
జూన్ 6

ఆర్జియాకి,

శనివారం నీ మొహం చూడలేక, రొట్టె తీసుకుని చీటీ కౌంటరు మీద పెట్టి పోతున్నాను.

నెలంతా బుర్ర బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం పన్నాను. నవ్వితే మళ్ళీ నీ కొట్టు గడప తొక్కను. ఆ ఇల్లు టూరిస్టులకిస్తున్నాడుగా. నేనూ డబ్బులిచ్చే టూరిస్టునే అవుతాననుకున్నాను. ఎర్సీలియా ఉండే పది రోజులకీ నా ఇల్లు నేనే తీసుకుని, పాత దుప్పట్లు నాలుగు పరిచి, ఒరెస్తె ఫోటో గోడకి తగిలించి, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు కూర్చుంటాను. మంచాలు మారాయేం అంటే కొత్తవి కొన్నానంటాను.

కింది ఇంటావిడ ఫోను తీసుకుని వెతికాను. దొరికింది. నా వంటిల్లు ఫోటోలో చూస్తుంటే ఎలా ఉందో చెప్పలేను ఆర్జియా. ఎవరో పసుపురంగు గిన్నెలో నిమ్మకాయలు పెట్టారు. తొట్టి దగ్గర ఆకుపచ్చ పలక, దాని మూల మా ఆయన పూసిన సిమెంటు, స్పష్టంగా కనిపిస్తున్నాయి. కింద ఏం రాశాడో తెలుసా, "ఊరివాళ్ళలా బతకండి" అని. ఊరివాళ్ళని పంపేసి ఊరివాళ్ళలా బతకమంటాడు.

సరే, తేదీలు నొక్కాను. సెప్టెంబరు పది నుంచి ఇరవై దాకా ఎవరో తీసేసుకున్నారు. ఎప్పుడో తీసుకుని ఉంటారు. మిగతా నెలంతా ఖాళీ. సరిగ్గా ఆ పది రోజులే. ఏ జర్మనీవాడో అయ్యుంటాడు, వాళ్ళే అన్నీ ముందే చేస్తారు. వాడికా కుళాయి రాత్రంతా కారి నిద్ర పట్టకూడదు. ఊరేగింపు వేళకి వాడు ఎక్కడో సేమ్యా తింటూ కూర్చుంటాడు, కిటికీ చీకటిగా ఉంటుంది.

మింగలేను, కక్కలేను. నువ్వు నవంబరులోనే అన్నావు, రాసెయ్ పోనీ అని. అప్పుడు నీ మీద అరిచాను. ఆ అరుపు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇసోలీనా

*

లుక్కా, బోర్గో జన్నొత్తి, కోట గోడ బయట
జూలై 3

ఎర్సీలియా,

పైన రాసిన చిరునామా ఇంకోసారి చదువు. తప్పు రాయలేదు.

నవంబరు నుంచి నేను ఇక్కడే ఉంటున్నాను. ఇంటాయన ఇల్లు ఖాళీ చేయించి టూరిస్టులకిస్తున్నాడు. మార్చిలో నీకు రాసిన గంటలూ కుళాయీ అన్నీ అబద్ధం. మెట్ల బాగు అబద్ధం. నీ ఉత్తరాలు ఆర్జియా పిండి బస్తాల పక్కన దాచి నాకిస్తోంది, వాటికి తెల్లగా పిండి అంటి ఉంటోంది.

ఎందుకు దాచానో నీకు నేను చెప్పక్కర్లేదు. ముప్పై ఆరేళ్ళు నిన్ను బయటిదానివన్నాను. ఈ నోటితో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, అన్నిసార్లూ ఒకేసారి వెనక్కొచ్చి తగిలినట్టుంది. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారే, నేను తీసింది కోట కందకమంత ఉంది.

ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు పదమూడో తేదీ ఊరేగింపులో నడుస్తూ తలెత్తి చూస్తావు. మీ నాన్న కిటికీ చీకటిగా ఉంటుంది. ఆ చీకటి చూశాక నీకు తెలియడం కంటే నేనే చెప్పడం మంచిదనిపించింది. ఆ ఇల్లు ఆ పది రోజులకీ నేనే టూరిస్టులా తీసుకుందామని కూడా చూశాను. నవ్వుకో, పర్లేదు. ఎవరో ముందే తీసేసుకున్నారు. వాళ్ళని చాలా తిట్టాను.

గాజు ప్రమిదలు పన్నెండూ నా దగ్గరే ఉన్నాయి. వాటిని వదిలి రాలేదు.

నా కొత్త ఇంట్లో చిన్న గది ఉంది. వస్తే పడుకో. రాకపోయినా అర్థం చేసుకుంటాను.

ఇసోలీనా

*

త్రియెస్తె
జూలై 10

వదినా,

నువ్వు తిట్టిన మనిషిని నేనే.

మార్చిలో నీ మోకాళ్ళ సంగతి ఆలోచించి మన వీధిలోనే గది వెతికాను. ఇంటర్నెట్టులో ఒక వంటిల్లు కనిపించింది. నిమ్మకాయలు, పసుపు గిన్నె, ఆకుపచ్చ పలక, మూలన తెల్ల సిమెంటు. ముందు అర్థం కాలేదు. మా ఇల్లు ఫోటోలో ఎందుకుందా అని చూస్తూ కూర్చున్నాను. అర్థమయ్యాక ఏడ్చాను. ఏడుస్తూనే పది రోజులకీ తీసుకున్నాను, ఇంకెవరైనా తీసేసుకుంటారేమోనని భయమేసి.

అప్పుడు వచ్చింది నీ ఉత్తరం, గంటలు వింటున్నానంటూ. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఏప్రిల్లో కావాలనే పలక గురించి అడిగాను. చెప్తావేమోనని రోజూ పోస్టుమన్ కోసం చూశాను. మూడు నెలలు పట్టింది నీకు.

సరే, నా వంతు. నేనూ అబద్ధమాడాను, నీకంటే ఎక్కువ కాలం. నువ్వు మైకులో "బయటివాళ్ళా?" అన్నప్పుడల్లా కింద నిలబడి నవ్వాను. నాకు నవ్వు రాలేదు వదినా, ఒక్కసారి కూడా. నేను పుట్టిన ఇంటి బెల్లు కొడితే నన్ను ఎవరని అడిగేదానివి. అరవై నాలుగు మెట్లూ ఎక్కుతూ మొహం సరిచేసుకునేదాన్ని. అన్నయ్యకి తెలుసు. వదిన మనసు మంచిది, నోరే అంత అనేవాడు. మనసు మంచిదని నాకూ తెలుసు. నొప్పి నోటి వల్లే గదా.

కాబట్టి ఇలా చేద్దాం. పదమూడో తేదీ సాయంత్రం ఆరింటికి ప్రమిదలు పట్టుకుని రా. కింద బెల్లు కొట్టు. పైన నేనుంటాను. ముప్పై ఆరేళ్ళకి నాకు దొరికిన అవకాశం, వదులుకోను.

ఎర్సీలియా

*

లుక్కా, బోర్గో జన్నొత్తి
సెప్టెంబరు 24

ఆర్జియాకి, వియారెజ్జోలో మీ అమ్మాయి ఇంటికి

నీ మోకాలికి సముద్రపు నీళ్ళు పని చేస్తున్నాయని నీ కొడుకు చెప్పాడు. సంతోషం. దీపాలకి నువ్వు లేవు గనుక జరిగింది జరిగినట్టు చెప్తాను. రేపు ఊళ్ళో ఎవరో ఇంకోలా చెప్తే నమ్మకు.

ఎర్సీలియా పదో తేదీ దిగింది. మొదటి మూడు రోజులూ గోడ మీదే కలుసుకున్నాం, ఇంటి ఊసెత్తలేదు ఎవరమూ. నీ కొడుకు దగ్గర సోంపు రొట్టె సగం సగం కొనుక్కుని, చెట్ల కింద బెంచీల మీద కూర్చుని, సైకిళ్ళ మీద పోయేవాళ్ళకి వంకలు పెట్టాం. నేను మామూలుగా ఒక చుట్టు గంటలో తిరుగుతాను. ఆవిడతో మూడు గంటలు. ప్రతి బురుజు దగ్గరా ఒక కథ. ఇక్కడ అన్నయ్య పడ్డాడు, ఇక్కడ నాకు మొదటి ఉత్తరం ఇచ్చాడు ఒకడు. నలభై మూడేళ్ళున్నాను, ఇవేవీ నాకు తెలియదు. అడిగింది ఎప్పుడు గనక.

పదమూడో తేదీ ఆరింటికి ప్రమిదలు బుట్టలో పెట్టుకుని మీ కొట్టు పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. బెల్లు దగ్గర నా పేరున్న చోట ఒక అంకె వేశారు. దాన్ని నొక్కడానికి ఎంతసేపు పట్టిందో నీ కొడుకుని అడుగు, అద్దంలోంచి చూస్తున్నాడు. పైనుంచి ఏమంటుందో నాకు తెలుసు. నేను నేర్పిన మాటే. పడాలి, పడతాను అనుకుని నొక్కాను.

మైకు పలకలేదు. మళ్ళీ నొక్కాను. అప్పుడు మెట్ల మీద చప్పుడు వినిపించింది, ఒక అడుగు, ఒక చేతికర్ర, ఒక అడుగు. ఆ తుంటితో అరవై నాలుగు మెట్లూ దిగి వచ్చింది ఆర్జియా. తలుపు తీసి, ఆయాసపడుతూ, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"పై తలుపు నాకు రావట్లేదు వదినా. ముందు లాగి తిప్పాలా, తిప్పి లాగాలా?"

ఆ ఇంట్లోనే పుట్టిన మనిషి. ఆ తాళం ఎలా తీయాలో నాకు నేర్పింది తనే, పెళ్ళైన మర్నాడు.

"ముందు లాగాలి" అన్నాను.

"అయితే నువ్వే తియ్యి. నేను నీ వెనక వస్తాను" అంది.

ముందు నేను, వెనక అది మెట్లెక్కాం. మూడో అంతస్తు దగ్గర ఆగి క్షమించమని అడిగాను. ఇదే మొదటిసారి, ఎవర్నైనా. అది గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకుంటూ, పైకెళ్ళాక ఏడుద్దువు గానీ ముందు దీపాలు పెట్టు, ఊరేగింపు బయల్దేరే వేళయింది అంది.

కొక్కేలు అలాగే ఉన్నాయి. పీకడానికి కూడా ఎవరికీ ఓపిక లేనట్టుంది. వంకర మూడోది కూడా. పన్నెండు ప్రమిదలూ తగిలించి వెలిగించాను. ఎదురింటి కిటికీలోంచి ఇద్దరు డెన్మార్కు పిల్లలు, కొత్తగా పెళ్ళైనవాళ్ళు, చూసి అదేమిటని సైగ చేశారు. నీ కొడుకు చేత పాత జాము సీసాలు రెండు, మైనం ముక్కలు పంపించాను. వాళ్ళూ పెట్టారు. మన వీధిలో చీకటి కిటికీలు తొమ్మిది లెక్కపెట్టాను. మనదీ ఎదురింటిదీ వెలిగాయి.

ఊరేగింపు వచ్చింది. ప్రతి ఏడూ మన కిటికీ కింద టోపీ తీసే ముసలి బాజా ఆయన గుర్తున్నాడా? ఈ ఏడు తలెత్తి, మమ్మల్నిద్దర్నీ చూసి, తీశాడు. ఎర్సీలియా అప్పుడు ఏడ్చింది. పైకెళ్ళాక ఏడుద్దువు గానీ అని నాతో అన్న మనిషి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇరవయ్యో తేదీ ఇల్లు ఖాళీ చేసి, ఆ ఒక్క సాయంత్రానికి నా దగ్గరికి వచ్చింది. నా వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, ఇక్కణ్ణుంచి గోడ మొత్తం కనిపిస్తోందే అంది. నిజమే. ఎర్ర ఇటుక, గడ్డి, చెట్లు, పైన నడిచేవాళ్ళు. లోపలున్న నలభై మూడేళ్ళూ గోడ మీద నడిచాను గానీ, గోడని ఇలా నిలబడి చూసింది ఎప్పుడూ లేదు. ఇటువైపు చూడటమంటేనే తక్కువతనం అనుకున్నాను.

అది ఒక్కతే చివరిసారి ఒక చుట్టు తిరిగొస్తానని గోడ మీదికి వెళ్ళింది. వెళ్ళాక నేను సుత్తి తీసుకుని కిటికీకి మేకులు కొట్టి, పన్నెండు ప్రమిదలూ తగిలించి వెలిగించాను. కింది ఇంటావిడ బయటికొచ్చి, పండగైపోయి వారమైంది, అయినా ఈ వీధిలోకి ఊరేగింపు రాదుగదా అంది. రానక్కర్లేదు, గోడ మీదున్న మా ఆడపడుచుకి కనిపిస్తే చాలన్నాను. కాసేపటికి బురుజు చివర ఒక ఎర్ర గొడుగు లేచింది. వాన లేదు. చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడింది, తుంటి నొప్పి ఉన్న మనిషి.

మర్నాడు రైలెక్కింది. ప్రమిదలు తియ్యలేదు, తియ్యను కూడా.

నీ కొడుక్కి ఒక మాట రాయి. త్రియెస్తె ఉత్తరాలు ఇక పిండి బస్తాల దగ్గర దాచక్కర్లేదు. పోస్టుమన్ అడిగితే, ఇసోలీనా ఉత్తరపు కోటగుమ్మం బయట ఉంటోందని చెప్పమను. ఇంటి నంబరు అక్కర్లేదు, దీపాలున్న కిటికీ అంటే చాలు.

ఇసోలీనా